అలామెర్

క్లామ్సీ,
ఆదివారం, 15 సెప్టెంబరు 2013

అక్కకి,

పొద్దున్న ముసురు, మధ్యాహ్నానికి తెరిపి. అమ్మ అద్దె ఇంటి నేలమాళిగ ఖాళీ చేశాను. ఇంటి యజమాని పదే పదే గుర్తు చేశాక చేశాను కాబట్టి దీన్ని మంచి పని కింద లెక్క వేసుకోవడం లేదు.

జామ్ సీసాల కింద తాంగి కెర్బ్రా దొరికాడు. నీ రికార్డే, "ఆలస్యంగా వచ్చే వాన". నువ్వు దిజోన్‌లో చదువుకునే రోజుల్లో కొన్నది. అట్ట మీద పొడుగు కోటు వేసుకుని రేవులో నిలబడి ఉంటాడు చూడు, చేపలు కొనడానికి వచ్చి ధర విని ఆలోచనలో పడ్డవాడిలా. ఇప్పుడు ముఖం నిండా సీసాల అడుగు వలయాలు. ప్లమ్ జామ్ మరక ఒకటి సరిగ్గా నోటి దగ్గర పడింది. అప్పటికన్నా ఇప్పుడే మనిషిలా ఉన్నాడు.

పాత ప్లేయరు కూడా అక్కడే ఉంది. బెల్టు పొడి పొడి అయిపోయింది. జామ్ సీసా మూతకి వేసే రబ్బరు చుట్టు తగిలించి తిప్పాను. కాస్త నెమ్మదిగా తిరుగుతోంది. అతని గొంతు బరువెక్కింది, తొందర తగ్గింది. నేను గ్యారేజీలో పని నేర్చుకుంటూ ఆదివారాలు నీ గదికి వచ్చినప్పుడు మీ స్నేహితులు ఒక్కో పాటకి గంటసేపు అర్థం చెప్పుకునేవాళ్లు. ఎర్ర మఫ్లరు అతను ఒకసారి నన్ను కుర్చీ అనుకుని కోటు నా మీద వేశాడు. నేను తీసెయ్యలేదు. కోటు వెచ్చగా ఉంది.

రెండో వైపు చివరి పాట దాకా విన్నాను. అమ్మ ఇస్త్రీ చేస్తూ జీవితమంతా కూనిరాగం తీసిన పాట. "రొందే-మువా అలామెర్", నన్ను తిరిగి ఇచ్చేయండి అని వేడుకునే పాట. పోయే ముందు, నిన్ను ఎక్కడ పెట్టమంటావమ్మా అని నువ్వు అడిగినప్పుడు ఆవిడ కళ్లు మూసుకుని చెప్పిందీ అదే, "అలామెర్". మనిద్దరం తలూపాం. ఇక ఆలస్యం వద్దు. చితాభస్మాన్ని దహనశాల వాళ్లు ఏడాది వరకే ఉంచుతారు, డిసెంబరులో గడువు.

బీరువా ఎవరికైనా ఇవ్వాలి. నెలాఖరుకి శాంప్రె వెళ్లి రెమి గోద్రితో మాట్లాడతాను.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. ఉత్తరాల్లో వంతులుంటాయి.

ఎమిలియన్

*

పెంపోల్, 21 సెప్టెంబరు

ఒరే తమ్ముడూ,

నా రికార్డుని జామ్ సీసాల కింద పీటగా వాడారన్న శుభవార్త అందింది. దాని కోసం నా గది పక్కనే ఉండే క్లోదిన్‌తో మాటలు మానేశాను నేను, అదే దొంగిలించిందని. ఆ అమ్మాయి పెళ్లికి కూడా వెళ్లలేదు. ఇప్పుడు ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలో, అమ్మకో, ప్లమ్ పళ్లకో.

నువ్వు రాసింది చదివి ఆ గది మొత్తం గుర్తొచ్చింది. పొగ చూరిన కిరసనాయిలు పొయ్యి, చికోరి కాఫీ, మంచం కింద పుస్తకాలు. మేమందరం ప్రపంచం మారబోతోందని ఆ గదిలోనే తేల్చాం. మార్చే పని ఎవరు చేస్తారన్నది మాత్రం తేల్చలేదు. చివరి పాట వస్తే ఎవరూ మాట్లాడేవారు కాదు. సముద్రం ఎప్పుడూ చూడని పిల్లలం, సముద్రం కోసం ఏడ్చాం. నేను ఈ ఊళ్లో టీచరు ఉద్యోగం కావాలని పట్టుబట్టింది ఆ పాట వల్లే అంటే నువ్వు నవ్వుతావు. నవ్వుకో.

అమ్మ విషయంలో నువ్వు ఇంత చురుగ్గా కదలడం వింతే, సంతోషమే. నేను పడవ మాట్లాడాను. నవంబరు మొదట్లో, గాలి మరీ పెరగకముందే. ఆ పడవాయన పేరు లెగాల్, నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది.

రెమి గోద్రికి బీరువా ఇచ్చేయి. అతని ఇంట్లో ఖాళీ ఉంటే మన కుర్చీలు కూడా అంటగట్టు.

రికార్డు పోస్టులో పంపకు. మన పోస్టు వాళ్లు దాన్ని మడిచి డబ్బాలో వేస్తారు.

నీ అక్క
ఒదిల్

*

క్లామ్సీ,
ఆదివారం, 29 సెప్టెంబరు

అక్కకి,

ఎండ. పొయ్యి గొట్టం దులిపాను. కాకి గూడు ఒకటి దిగింది, కాకి లేదు.

పడవ షికారు బాగా జరగాలని కోరుకుంటున్నాను. నవంబరులో సముద్రం మీదికి ఎందుకు వెళ్తారో నాకు అర్థం కాదు గానీ, నీ స్నేహితులు ఎప్పుడూ అంతే. స్టీమరెక్కిన రోజు నీ పొట్ట సంగతి నాకు గుర్తుంది. అదే రోజు అమ్మ పని పెట్టుకోకు.

రెమిని కలిశాను. పెద్ద మాటకారి. "పలక లేపాలంటే ముగ్గురు కావాలి, నువ్వు ఒకడివి, నేను అర, మిగతా ఒకటిన్నర ఎవర్నైనా చూడు" అన్నాడు. ఆ చోటు వాళ్ల కుటుంబానిది కాబట్టి అతను సంతకం పెట్టాలి. ఆలోచించి చెప్తానన్నాడు. కాస్త సారా పోశాడు. బీరువా అక్కర్లేదట.

ఎమిలియన్

*

పెంపోల్, 3 అక్టోబరు

ఎమిలియన్,

నీ ఉత్తరం మొదటిసారి చదివి, బీరువా పెట్టడానికి పలక లేపడం ఎందుకో అని నవ్వుకున్నాను. రెండోసారి నవ్వలేదు.

నువ్వు అమ్మని శాంప్రె శ్మశానంలో, గోద్రి వాళ్ల గోతిలో పెట్టబోతున్నావు. అవునా కాదా, ఒక ముక్క రాయి.

నా పడవ షికారు కాదురా. నా పడవ అమ్మ కోసం. ఆవిడ "అలామెర్" అంది. సముద్రానికి. నేను అక్కడే ఉన్నాను, నువ్వూ ఉన్నావు, తలూపావు. దేనికి తలూపావు?

సముద్రానికీ తల్లికీ మన నోట్లో ఉన్నది ఒకే మాట, మెర్. రాస్తే తేడా తెలుస్తుంది. తాంగి కెర్బ్రా రాయలేదు, పాడాడు. ఆ అట్టలో పాటల కాగితం కూడా పెట్టలేదు పిసినారి కంపెనీ. ఒప్పుకుంటాను. కానీ వ్యాకరణం అనేది ఒకటుంది. ఎవరైనా "మా అమ్మకి ఇచ్చేయండి" అంటారు. "ఆ అమ్మకి" అనరు. పాటలో "మా" లేదు, "లా" ఉంది, అంటే "ఆ". కాబట్టి సముద్రం. ఇది నేను పదేళ్ల పిల్లలకి నేర్పాను, వాళ్లకి అర్థమైంది.

పైగా ఆవిడ ఇక్కడికి వచ్చిన వేసవిలో, బూట్లు కూడా విప్పకుండా ఇసుకలో నిలబడిపోయి, ఎంతోసేపు చూసి "చాలా ఉంది" అంది. ఆ ముఖం నువ్వు చూడలేదు.

ఆ రెమి సంతకం పెట్టకముందే ఆపు.

ఒదిల్

*

క్లామ్సీ,
బుధవారం, 9 అక్టోబరు

అక్కకి,

పొగమంచు. సైకిలు చైనుకి నూనె పెట్టాను.

అవును. ఒక ముక్క అన్నావు, రాశాను.

అమ్మ మీ ఊరి నుంచి తిరిగొచ్చాక నాతో చెప్పింది: "గాలిరా నాయనా. చెవులు పోయాయి." బూట్లు విప్పకపోవడానికి కారణం కాలి వాపు.

అమ్మని పసికందుగా పారిస్ నుంచి బండిలో తెచ్చి గోద్రి ఇంట్లో పెంపకానికి ఇచ్చారని నీకు తెలుసు. పెంచిన ముసలావిడని ఊళ్లో అందరూ గోద్రి అమ్మ అనేవాళ్లు. మన అమ్మ ఒట్టి "ఆ అమ్మ" అనేది. ఆ అమ్మ ఇలా వండేది, ఆ అమ్మ అలా కుట్టేది. నువ్వు విన్లేదు, నువ్వు మాట్లాడుతున్నావు.

పాట మళ్లీ విన్నాను, చాలాసార్లు. తల్లే వినిపిస్తోంది. సముద్రం వినిపించాలని ప్రయత్నించాను, మర్యాద కోసం. రబ్బరు తెగిపోయింది.

వ్యాకరణం సంగతి అంటావా, మేయర్ని కూడా మెర్ అనే అంటాం. మీ ఊళ్లో ఇప్పుడు మేయరు ఆడమనిషే కదా, ఆడవాళ్లకి వాడే నీ "లా" కూడా సరిపోతుంది. అమ్మ తనని మీ మేయరుకి ఇచ్చేయమందేమో కనుక్కో.

ఎమిలియన్

*

పెంపోల్, 21 అక్టోబరు

తెలివైన తమ్ముడికి,

మేయరు దాకా వెళ్లక్కర్లేదు. ఇంకా పెద్ద అధికారి దగ్గరికే వెళ్లాను.

తాంగి కెర్బ్రా బతికే ఉన్నాడు. మా ఊరి గ్రంథాలయంలో శనివారం సాయంత్రం పాడాడు. పాడాడు అనడం మర్యాద కోసం. గిటారు ఒక కుర్రాడు వాయించాడు, ఈయన దాని వైపు అప్పుడప్పుడు అనుమానంగా చూశాడు. జనం మా వయసు వాళ్లే, అందరికీ మోకాళ్ల నొప్పులు, అందరి చేతుల్లో పాత అట్టలు. నా చేతిలో ఏమీ లేదు, జామ్ వల్ల.

చివర సంతకాల వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"మెస్యూ, ఒక సందేహం. చివరి పాటలో అలామెర్ అంటే సముద్రమా, తల్లా? మా కుటుంబంలో గొడవ."

"ఏ తల్లి?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"అంటే సముద్రమే కదండీ." నా గొంతులో విజయం నాకే వినిపించింది.

"సముద్రం ఎవడిక్కావాలి మేడమ్, నేను ఇక్కడే పుట్టాను, రోజూ చూసేవాణ్ని. అది అమెర్. సారా. సైన్యంలో ఉత్తరాన ఉన్నప్పుడు బీరులో పోసుకునేవాళ్లం, చేదుగా, నారింజ తొక్క వాసనతో. తర్వాత డాక్టరు మానేయమన్నాడు. ఆ దుఃఖంలో రాశాను. 'నన్ను మళ్లీ ఆ చేదుకి అప్పగించండి' అని. అందరూ సముద్రం అనుకున్నారు, రికార్డు అమ్ముడుపోయింది. నేనెందుకు కాదంటాను?"

నా వెనక నిలబడిన ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీకు సముద్రమే లెండి" అన్నాడు. నాకు మాత్రం అలాంటి ఉపకారం చేయలేదు.

మనం అలామెర్‌ని తప్పు చోట విరిచాంరా, అది అలా మెర్ కాదు, అల్ అమెర్. నా యవ్వనం, నా ఉద్యోగం, నేను ఉన్న ఈ ఊరు, అన్నీ ఒక సారా సీసా మీద నిలబడ్డాయి. కొండను తవ్వి ఎలకను పట్టారంటారు. మాకు ఎలక కూడా దొరకలేదు. నువ్వు నవ్వుతూ ఉంటావు. ఇంకా గట్టిగా నవ్వు, ఇక్కడికి వినిపించాలి.

కానీ ఒక మాట. అమ్మకి ఈ సంగతి తెలీదు. ఆవిడ చుక్క ముట్టలేదు. ఆవిడ మనసులో ఏం విరిచిందో అదే లెక్క. నాకు తెలిసి అది సముద్రం. పడవ రద్దు చేయలేదు.

ఒదిల్

*

క్లామ్సీ,
ఆదివారం, 27 అక్టోబరు

అక్కకి,

చలి, ఆకాశం తెల్లగా ఉంది. గడియారాలు గంట వెనక్కి తిప్పాను. వంటింటి గడియారం ఎప్పుడూ తప్పే, దాన్ని వదిలేశాను.

నవ్వలేదు. కాస్త నవ్వాను.

నిన్న శాంప్రె వెళ్లాను. రెమి సమాధులు కడుగుతున్నాడు, పోయినవాళ్ల పండగకి చామంతులు పెట్టడానికి. బకెట్ నాకు ఇచ్చి తను మాట్లాడాడు. అది అతని పద్ధతి. సంతకం గురించి ఏం ఆలోచించావని అడిగాను.

"మా నాన్నమ్మ ఎంతమంది పిల్లల్ని పెంచిందో తెలుసా? అందరూ ఇలా వరసగా వచ్చేస్తే మేం ఎక్కడ పడుకోవాలి?" అన్నాడు.

ఎవరైనా వచ్చారా అని అడిగాను.

గుడ్డ పిండాడు. "లేదు. నువ్వే," అన్నాడు. తర్వాత, తన నాన్న చెప్పిన ఒక సంగతి చెప్పాడు. నీకు అది రాయాలి. నేను సరిగ్గా రాయలేకపోవచ్చు.

అమ్మకి ఆరేడేళ్లప్పుడు. పెంపకం పిల్లలు ఎలా ఉన్నారో చూడటానికి ఒకాయన వచ్చేవాడట, బూట్లు మెరుస్తూ. పిల్లల్ని గోడ వెంబడి నిలబెట్టి ప్రశ్నలు అడిగేవాడు. రాత్రి ఎవరి దగ్గర పడుకుంటావు అని అమ్మని అడిగాడు. "మా అమ్మ దగ్గర" అంది. ఆయన ఆగి, చూపుడు వేలెత్తి, "మా అనకూడదు. నీకు అమ్మ లేదు. ఆ అమ్మ దగ్గర అను" అన్నాడట. అమ్మ అంది. మళ్లీ అను అన్నాడు. మళ్లీ అంది. గోద్రి అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉందట, ఏమీ అనలేదు. పిల్లల్ని తీసుకుపోతారని భయం.

ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ "మా" అనలేదు. రెమి నాన్న పక్కనే ఉన్నాడు, గోడ దగ్గర కాదు, సొంత కొడుకు కదా, బల్ల దగ్గర.

పెద్దయ్యాక కూడా "ఆ అమ్మ" అనే అనేది. నేను అది అలవాటు అనుకున్నాను, ఇన్నేళ్లూ.

రెమి సంతకం పెట్టాడు. "మా నాన్నమ్మకి చలి ఎక్కువ, పక్కన ఒకళ్లు ఉంటే నయం" అన్నాడు. నువ్వు ఒప్పుకోకపోతే కాగితం వెనక్కి ఇచ్చేస్తాను. అమ్మ ఇద్దరిదీ.

ఎమిలియన్

*

పెంపోల్, 4 నవంబరు

తమ్ముడూ,

లెగాల్‌కి పడవ వద్దని చెప్పాను. "మీ అమ్మగారు మనసు మార్చుకున్నారా?" అన్నాడు. అవునన్నాను.

అక్టోబరు మొదట్లో నీకు ఒక ఉత్తరం రాశాను, "ఆ అమ్మ" అనరు అని, వ్యాకరణంతో సహా. అది ఇంకా ఉంటే పొయ్యిలో పెట్టు. వేలెత్తిన ఆయనకీ నాకూ తేడా ఏమిటో రెండు రోజులుగా వెతుకుతున్నాను. నా బూట్లు మెరవవు. అంతకన్నా దొరకలేదు.

నాకు ఆవిడ ఏమీ చెప్పలేదని కోపం వచ్చింది ముందు. తర్వాత, నేను ఏం అడిగానా అని ఆలోచించాను. చాలా అడిగాను. జవాబులు కూడా నేనే చెప్పాను.

ఒక్క షరతు. పలక మీద ఆవిడ పేరు కింద ఆ మాట ఉండాలి, అలామెర్. "మా" వద్దు, సవరణలు వద్దు. ఆవిడ అన్నట్టే. చదివినవాళ్లకి అర్థం కాకపోతే వాళ్ల ఖర్మ. పాడినవాడికే అర్థం వేరు.

నేను వస్తున్నాను. ఈ నెల మూడో వారం, గురువారం రైలు. ఇంట్లో దుప్పట్లు ఎండలో వెయ్యి, ఎండ ఉంటే. నీ జున్ను వాసన గది నాకొద్దు, ముందుగదిలో పడుకుంటాను. క్లోదిన్‌కి ఉత్తరం రాశాను. చిరునామా పాతది, చేరుతుందో లేదో.

అక్క

*

క్లామ్సీ,
ఆదివారం, 24 నవంబరు

అక్కకి,

నిన్న రాత్రి గడ్డకట్టింది, పొద్దున్నకి కరిగింది. ముందుగది దుప్పట్లు మడిచి లోపల పెట్టాను. నువ్వు వాడలేదు కాబట్టి ఉతకలేదు.

రైళ్ల సమ్మె సంగతి రేడియోలో విన్నాను. నువ్వు స్టేషన్ నుంచి ఫోన్‌లో అరిచింది కూడా విన్నాను. నేను చేయించిన సమ్మె కాదు. వాయిదా వేయమన్నావు, కానీ పలక అప్పటికే లేపారు. శుక్రవారం పని అయిపోయింది.

నేను, రెమి, అతని అల్లుడు, రాతి పనివాడు బ్రూసే. వాన లేదు. పాదిరీని పిలవలేదు, అమ్మ పిలవమనలేదు. గోద్రి అమ్మ పెట్టె చెక్క పోయింది, చోటు శుభ్రంగానే ఉంది. రెమి దిగి అమ్మని లోపల పెట్టాడు, గోడ వైపు కాదు, పక్కనే. "జరుగు నాన్నమ్మా" అన్నాడు. అల్లుడు నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ముక్కు చీదుకోవాల్సి వచ్చింది, చలి.

ఇక పలక. నువ్వు అడిగినట్టే చెక్కించాను. బ్రూసేకి ఫోన్ చేసి చెప్పాను. నాకు ఫోన్ పడదని నీకు తెలుసు, తొందరగా చెప్పి పెట్టేశాను. పేరు అక్షరం అక్షరం చెప్పాను. చివరి మాట అంత చిన్న మాట, దానికి అక్షరాలు చెప్పడం అతన్ని అవమానించినట్టు ఉంటుందనిపించింది.

సముద్రం అని చెక్కాడు.

రెమి చదివి, "శాంప్రెలో రేవు ఎప్పుడు కట్టారు?" అన్నాడు. బ్రూసేకి కోపం వచ్చింది. "మీరు మెర్ అన్నారు, నేను మెర్ చెక్కాను. ఏ మెరో చెప్పాల్సింది." అది నిజమే. కానీ మంచివాడు, దిద్దడం పెద్ద పని కాదన్నాడు. చివర ఒక అక్షరం, మధ్యలో ఒకదాని నెత్తిన చిన్న గీత, తల్లి అయిపోతుంది. సంచిలోంచి ఉలి తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఉండండి అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. చిన్నప్పుడు అమ్మని ఒకరు ఒకసారి దిద్దారు కదా అనిపించింది. ఆ మాట వాళ్లతో అనలేదు, నీకు రాస్తున్నాను. రెమి అర్థం చేసుకున్నాడో ఏమో, "మా నాన్నమ్మ కూడా సముద్రం చూడలేదు, ఇద్దరూ కలిసి వెళ్తారులే" అన్నాడు. బ్రూసే ఉలి సంచిలో పెట్టేశాడు.

కాబట్టి కింద మన అమ్మ "ఆ అమ్మ" పక్కన ఉంది, పైన సముద్రం అని ఉంది. మన ఇంట్లో ఇద్దరి మాటా చెల్లడం ఇదే మొదలు. నీకు అభ్యంతరం ఉంటే రాయి, ఉలి వాళ్ల దగ్గరే ఉంది. లేకపోతే రాయకు.

వెళ్లేటప్పుడు చామంతులు ఇంకా బాగానే ఉన్నాయి. ఈ మధ్యాహ్నం కట్టెలు వచ్చాయి, తడిగా దింపిపోయారు, చీకటి పడేలోపు పాకలోకి చేర్చాలి, అందులో పెద్దవి ముందు.

ఎమిలియన్